పెళ్లి వీడియోలో పాట ఆగిన చోట

దయ్యం కథలు చెప్పేవాళ్లని నేను ఎప్పుడూ ఆటపట్టించేవాణ్ణి. మా నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటల్లో కాపలా పడుకునేవాళ్ల దగ్గర అలాంటి కథలు బోలెడుంటాయి. పెళ్లి వీడియోలు తియ్యడం నా పని. ముహూర్తాలు ముగించుకుని ఆ తోటల మధ్య దారుల్లోనే ఒక్కణ్ణీ బండి మీద వచ్చేవాణ్ణి. కుక్కలు తప్ప నన్ను ఎవరూ తరమలేదు. కంప్యూటర్ పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తే దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పాడైందనుకుంటాను గానీ, దాని వెనక ఇంకెవరో ఉన్నారని అనుకునే మనిషిని కాను.

ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

బస్టాండుకి దగ్గర్లో నాకొక చిన్న స్టూడియో ఉంది. ముందు గదిలో పాస్‌పోర్ట్ ఫొటోలు, వెనక గదిలో ఎడిటింగ్. ఆ వెనక గదిలో ఉన్న కంప్యూటర్ నా పెళ్లికి ముందు కొన్నది. ఎడిటింగ్ వరకు ఎలాగోలా లాక్కొచ్చేది గానీ, ఎన్‌కోడింగ్ దగ్గర చతికిలబడేది. ఎన్‌కోడింగ్ అంటే కత్తిరించి అతికించిన దృశ్యాలు, పాటలు, పేర్లు అన్నీ కలిపి చివరికి ఒకే ఫైలుగా దించడం. పెళ్లి ఫైలు పెట్టి ఇంటికి వెళితే తెల్లవార్లూ నడిచేది. పొద్దున వచ్చి చూస్తే మధ్యలో కరెంటు పోయి, యూపీఎస్ చేతులెత్తేసి, పని మళ్లీ మొదటికొచ్చి ఉండేది.

మాకు మామిడి కోతలూ పెళ్లిళ్లూ ఒకేసారి వస్తాయి. అటు తోటల్లోంచి లారీలు కదులుతుంటే ఇటు పెళ్లివాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. కొత్త జంట హనీమూన్ నుంచి తిరిగొచ్చినా వాళ్ల వీడియో నా కంప్యూటర్లోంచి బయటికి వచ్చేది కాదు. నాతో పాటు టెన్త్ చదివిన ప్రసాద్ మా వీధిలోనే కంప్యూటర్లు బాగుచేస్తాడు. వాడు నన్ను చూసినప్పుడల్లా ఒకటే పోరు. పాతదానికే మంచి గ్రాఫిక్స్ కార్డు పెట్టమని. వీడియో ఎన్‌కోడ్ చెయ్యడానికే ఆ కార్డులో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుందట, ప్రాసెసర్ నెత్తిన ఉన్న బరువంతా అది ఎత్తుకుంటుందట.

చివరికి విజయవాడలో ఒక గేమింగ్ సెంటర్ మూసేస్తున్నారని తెలిసి, అక్కడ వాడిన కార్డు ఒకటి సంపాదించాం. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, గుంట వచ్చినప్పుడల్లా రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటూ తీసుకొచ్చాను. పక్క సీటాయన లోపల కోడిగుడ్లున్నాయా అని అడిగాడు. నాకు మాత్రం చిన్నప్పుడు మా నాన్న కొత్త సైకిల్ కొనిచ్చిన రోజు గుర్తొచ్చింది.

ఇంటికి రాగానే నా భార్య కరుణకి చూపించాను. తను ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. కార్డుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి రెండు ఫ్యాన్లున్నాయి కదండీ, కాస్త ఇటు తిప్పి పెడితే మాకూ గాలొస్తది" అంది. ఉక్కపోతలో ఉన్నాం కాబట్టి కాదనలేకపోయాను.

అసలు విషయం కరుణ గురించే. తనకి రెండేళ్లయినా నిండకముందే వాళ్లమ్మ మార్తమ్మ గారు జ్వరంతో పోయారు. రెడ్డిగూడెంలో ఉండే రూతమ్మ పెద్దమ్మ, అంటే మా అత్తగారి అక్క, కరుణని పెంచింది. అమ్మ మొహం ఫొటోల్లో ఉంది. గొంతు ఎక్కడా లేదు. బంధువులందరూ మాత్రం చిన్నప్పటి నుంచి "అచ్చం మీ అమ్మ గొంతేనే నీది" అనేవాళ్లట. ఆ మాట నమ్మి, ఆ పిల్ల ఖాళీ బిందెలో తల పెట్టి తన పేరు తనే పిలుచుకునేది. బిందెలోంచి తిరిగొచ్చే గొంతు తనది కాదన్నట్టు ఉండేదని, అమ్మే పిలిచిందనుకుని పలికేదాన్నని, పెళ్లైన కొత్తలో నాకు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

అమ్మ మాట్లాడుతున్న వీడియో ఒకటి ఉంది. అదే అన్యాయం. కరుణ వాళ్ల చిన్న మేనమామ పెళ్లి రెడ్డిగూడెంలో వాళ్ల తోటలోనే పందిరి వేసి చేశారు. ఆ రోజుల్లో పెళ్లి వీడియో అంటే క్యాసెట్టు. తీసినాయన తర్వాత దాన్ని మిక్సింగ్ చేసి ఇచ్చేవాడు. మిక్సింగ్ అంటే మా వైపు ఒకటే అర్థం. అసలు శబ్దమంతా తీసేసి, మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు పొయ్యడం. అలా ఉంటేనే క్యాసెట్టు బాగా వచ్చిందనేవాళ్లు. ఈ పెళ్లిలో పాస్టరు గారు బైబిలు పట్టుకుని గంభీరంగా ప్రసంగం చేస్తుంటారు, వెనక హీరోయిన్ వానలో తడుస్తున్నానని పాడుతుంటుంది. ఇంట్లో అందరూ అక్కడ పడీపడీ నవ్వేవాళ్లు.

నవ్వు ఆగిపోయేది తర్వాత వచ్చే ముక్క దగ్గర. మామిడి చెట్టు కింద చాప మీద మా అత్తగారు ఆకుపచ్చ చీరలో కూర్చుని ఉంటారు. ఒళ్లో కరుణ. పిల్ల చేతిలో చిన్న రసం పండు, గౌను నిండా మరకలు. అత్తగారు పిల్లతో ఏదో మాట్లాడుతుంటారు, కెమెరా వైపు చూస్తారు, నవ్వుతారు, మళ్లీ ఏదో అంటారు. పెదాలు కదులుతుంటాయి. వినిపించేది మాత్రం డ్యూయెట్టు. ఆ పెదాలు చదవాలని కరుణ ఎంత ప్రయత్నించిందో నాకు తెలుసు. "పండు" అన్న మాట ఒక్కటి ఉందేమో అనేది. అదీ అనుమానమే.

ముందు తీసిన అసలు క్యాసెట్టు ఎక్కడుందని మీరు అడగొచ్చు. ఎక్కడా లేదు. మిక్సింగ్ అయ్యాక ఆ క్యాసెట్టు మీదే ఇంకొకరి పెళ్లి తీసేవాళ్లు. అప్పటి పద్ధతి అది. ఇంటికిచ్చిన క్యాసెట్టుకి బూజు పట్టి ఎప్పుడో పోయింది. పోయేముందు దాన్ని సీడీలోకి ఎక్కించారు కాబట్టి, ఆ సీడీ ఒక్కటే మిగిలింది. అది నా కంప్యూటర్లోకి కాపీ చేసుకున్నాను. గొంతుని, సంగీతాన్ని విడదీసే సాఫ్ట్‌వేర్లు వచ్చినప్పుడల్లా ప్రయోగం చేశాను. పాడినవాళ్ల గొంతులు వేరుగా వచ్చాయి, వాయిద్యాలు వేరుగా వచ్చాయి. మూడోది ఏదీ రాలేదు. పాట కింద ఏమీ లేదు మరి, ఎలా వస్తుంది?

ఈ మధ్య ఆ మేనమామ పెళ్లిరోజుకి కుటుంబమంతా కూడుకుని కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకోవాలనుకున్నారు. ఆ పాత వీడియోని కాస్త శుభ్రం చేసి, పెద్ద తెర మీద వేసేలా ఇవ్వమన్నారు. కొత్త కార్డు మీద మొదటి బోణీ అదే చెయ్యాలనుకున్నాను.

శనివారం పొద్దున్నే ప్రసాద్, నేను క్యాబినెట్ విప్పాం. కార్డు పొడవు చూసుకోకుండా కొన్నామని అప్పుడు తెలిసింది. హార్డ్ డిస్కులు పెట్టే ఇనప గూడు దానికి అడ్డం. ప్రసాద్ హాక్సా బ్లేడు తెచ్చి ఆ గూడు సగం కోసేశాడు. తర్వాత కార్డుకి కరెంటిచ్చే తీగ మా పాత పవర్ సప్లైకి లేదు, అది మార్చాం. కార్డు బరువుకి ఒక వైపు వంగిపోతుంటే, మామిడి పండ్ల పెట్టె చెక్క ఒకటి కొలిచి ముక్క చేసి కింద ఆనించాం. ఇద్దరం చెమటతో తడిసి ముద్దయ్యాం గానీ ఒక్కరికీ ఆకలి గుర్తు లేదు.

స్విచ్ వేశాం. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, తెర మాత్రం నల్లగా ఉంది. ప్రసాద్ మళ్లీ అంతా ఊడదీయబోతుండగా నేను వెనక్కి తొంగి చూశాను. మానిటర్ తీగ ఇంకా పాత సాకెట్లోనే ఉంది. కార్డుకి పెట్టడం మరిచిపోయిన ఇద్దరు మేధావులం కాసేపు ఒకరినొకరు తిట్టుకుని నవ్వుకున్నాం.

ఇక్కడ రెండు సంగతులు గట్టిగా చెప్పాలి. ముందు రోజు గాలివానకి మా వీధి ఇంటర్నెట్ కేబుల్ తెగింది. తోటల్లో కాయంతా రాలి రైతులు నెత్తిన చేతులు పెట్టుకున్నది ఆ గాలివానకే. అందుకని కార్డుని నడిపే డ్రైవర్లు ప్రసాద్ పెన్ డ్రైవ్‌లో తెచ్చాడు. ఆ రోజు నా కంప్యూటర్‌కి బయటి ప్రపంచంతో ఏ సంబంధమూ లేదు. రెండోది, గ్రాఫిక్స్ కార్డు బొమ్మనే ఎన్‌కోడ్ చేస్తుంది. శబ్దం జోలికి పోదు. పైగా నేను శబ్దాన్ని ఉన్నది ఉన్నట్టు కొత్త ఫైల్లోకి పంపమనే సెట్టింగ్ పెట్టాను. పాటలు ఎలాగూ బాగుచేసేవి కావు కదా అని.

స్టార్ట్ నొక్కాను. సెకనుకి ఎన్ని ఫ్రేములు నడుస్తున్నాయో కింద ఒక అంకె కనిపిస్తుంది. పాత రోజుల్లో అది కుంటుకుంటూ నడిచేది. ఇప్పుడు పైకి లేచింది, ఇంకా లేచింది, ఆగకుండా లేస్తూనే ఉంది. "ఒరేయ్, ఇది నా కంప్యూటరేనా?" అన్నాను. ప్రసాద్ నా వీపు మీద చరిచాడు. చిల్లర కొట్టు నుంచి నిమ్మ సోడాలు తెప్పించుకుని తాగి సీసాలు కింద పెట్టేలోపు, అంత పెళ్లీ కొత్త ఫైలుగా దిగిపోయింది. ఆ సంబరంలో నేను కుర్చీలోంచి లేచి ఒక గెంతు గెంతాను. సరిగ్గా అప్పుడే కరుణ భోజనం క్యారేజీతో లోపలికి వచ్చి, ఈయనకి ఏమైందన్నట్టు ప్రసాద్ వైపు చూసింది.

కూర్చోబెట్టి, ఫైలుని గోడ మీది టీవీలో పెట్టాను. బొమ్మ తేటగా ఉంది. పందిరి కొబ్బరాకులు విడివిడిగా కనిపిస్తున్నాయి. పాస్టరు గారి ప్రసంగానికి ఎప్పటిలాగే వాన పాట, మేం ఎప్పటిలాగే నవ్వాం. తర్వాత మామిడి చెట్టు, చాప, ఆకుపచ్చ చీర. డ్యూయెట్టు మొదలైంది.

మొదలైన పాట ఆగిపోయింది.

తలుపు మూసినట్టు ఒక్కసారిగా ఆగింది. స్పీకర్ తీగ ఊడిందనుకుని లేవబోయాను. అప్పుడు కాకి అరుపు వినిపించింది. దూరంగా జనరేటర్ మోత, గిన్నెల చప్పుడు, ఎవరో పిల్లలు పరిగెడుతున్న అలికిడి. వాటి మధ్యలోంచి ఒక ఆడమనిషి గొంతు, దగ్గరగా.

"ఇటు తేవే తల్లీ, టెంక నేను పట్టుకుంటా, నువ్వు చీకు. అయ్యో, గౌనంతా పాడు చేసుకుందండీ ఇది. అదిగో, కెమెరా మామయ్య, అటు చూడు. మొహమంతా రసమే. పెద్దయ్యాక ఇది చూసుకుని, మా అమ్మ నా మొహమైనా కడగలేదని తిట్టుకుంటావే నన్ను."

టీవీలో మా అత్తగారి పెదాలు ఒక్కో మాటకీ సరిగ్గా కదిలాయి. చివరి మాటకి ఆవిడ నవ్వారు. ఆ నవ్వు కూడా వినిపించింది. వెంటనే డ్యూయెట్టు మధ్యలోంచి అందుకుంది, ఏమీ జరగనట్టు.

నా చేతుల మీద రోమాలు లేచాయి. భయం కాదు అది. పరీక్ష ఫలితాల్లో నంబరు కనిపించినప్పుడు ఒళ్లు జల్లుమంటుందే, అలాంటిది. కరుణ చేతిలో క్యారేజీ ఇంకా అలాగే ఉంది. టీవీ వైపే చూస్తూ, "ఇంకోసారి పెట్టండి" అంది.

మళ్లీ పెట్టాను, మళ్లీ వచ్చింది. అదే గొంతు, అవే మాటలు. ఎంతసేపు పెట్టామో తెలియదు, అన్నం చల్లారిపోయింది. కరుణ ఏడుస్తూనే నవ్వుతోంది. చివరికి నా వైపు తిరిగి చాలా మెల్లగా, "ఈ గొంతు నా గొంతులా లేదు కదండీ" అంది.

నిజమే. నేనూ అప్పటికే గమనించాను. కరుణది సన్నటి గొంతు. ఇది బొంగురుగా, నిదానంగా, మాట చివర కాస్త సాగదీసే గొంతు. రెంటికీ ఎక్కడా పోలిక లేదు. మేం విన్నది ఎవరో పరాయి మనిషి గొంతేమోనన్న భయం ఆమె మొహంలో కనిపించింది. ఇన్నేళ్లకి దొరికింది దొరికినట్టే జారిపోతుందేమోనని నాకూ అనిపించింది.

అసలు ఫైలు తెరిచి చూశాం. అందులో పాటే ఉంది. కుడి వైపు, ఎడమ వైపు స్పీకర్లు విడివిడిగా విన్నాం, పాటే. సీడీ తెచ్చి దాన్నే నేరుగా పెట్టాం, పాటే. కొత్త ఫైల్లో ఒక్క ఆ చెట్టు కింద ముక్కలోనే గొంతు ఉంది.

ఆ సాయంత్రమే బండి మీద రెడ్డిగూడెం వెళ్లాం. పెద్దమ్మకి ఇప్పుడు చూపు బాగా మందగించింది. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. కరుణ ఆవిడకి ఏమీ చెప్పలేదు. పలకరింపులయ్యాక ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టి వినిపించింది, అంతే. కాకి అరుపు దగ్గర పెద్దమ్మ ఊరికే వింది. గొంతు రాగానే మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

"మా మార్త" అంది. "ఎక్కడిదే నీకు ఇది?"

కరుణ అక్కడే నేల మీద కూలబడింది. అక్కడి నుంచే అడిగింది. అమ్మ గొంతు ఇలా ఉంటే, అందరూ తనది అమ్మ గొంతని ఎందుకు అన్నారని.

పెద్దమ్మ మంచం పట్టె వదిలింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఊహ తెలిశాక అమ్మ కావాలని ఒకటే ఏడ్చేదానివే. ఏం చెయ్యాలో తోచక, నీ గొంతే మీ అమ్మ గొంతు, నువ్వు మాట్లాడితే మీ అమ్మ మాట్లాడినట్టేనని ఒకసారి అన్నాను. ఏడుపు ఆపి, నీలో నువ్వే ఏదో మాట్లాడుకున్నావు. ఇక ఎవరు ఇంటికొచ్చినా అదే చెప్పమని నేనే చెప్పాను."

తిట్టుకుంటుందేమోనని నేను కరుణ వైపు చూశాను. తను లేచి పెద్దమ్మ ఒళ్లో తల పెట్టుకుంది. నేను బండి తుడిచే వంకతో బయటికి వచ్చేశాను.

ఈ విషయం విన్న ఒకరిద్దరు, నేనే ఏఐతో గొంతు తయారుచేసి ఉంటానని అన్నారు. వాళ్లకి నేను చెప్పేది ఒకటే. నేను తయారు చెయ్యదలిస్తే కరుణ గొంతులాగే చేసేవాణ్ణి. ఎందుకంటే పెద్దమ్మ చెప్పేదాకా నాకు తెలిసింది అదే. అసలు గొంతు ఎలా ఉంటుందో నేను ఎక్కడ విన్నాను?

ఆ తర్వాత అదే ఫైలుని అదే కార్డు మీద, అవే సెట్టింగులతో మళ్లీ మళ్లీ ఎన్‌కోడ్ చేశాను. ప్రతిసారీ పాటే. కార్డు ఊడదీసి మళ్లీ పెట్టి చేశాను. ఇంటర్నెట్ తీసేసి చేశాను. పాటే. ప్రసాద్ తనకి తెలిసినవాళ్లనందరినీ అడిగాడు. పొరపాటు జరిగితే శబ్దంలో గరగర రావొచ్చు, ఖాళీ రావొచ్చు గానీ, పెదాలకి సరిపోయే మాటలు రావన్నారు. ముందు గేమింగ్ సెంటర్లో తిరిగిన కార్డులో పాతదేమైనా మిగిలిందా అంటే, కరెంటు తీస్తే దాని జ్ఞాపకమంతా ఖాళీ అన్నారు. మిగిలినా రెడ్డిగూడెం తోటలో మాటలు దానిలోకి ఎలా వెళతాయి?

మొదటి ఫైలు మాత్రం ఉంది. నాలుగు చోట్ల దాచాను. ఎక్కడ పెట్టినా ఆ గొంతు వస్తుంది. మేనమామ పెళ్లిరోజుకి ఆ ఫైలే వేద్దామా అని అడిగితే, కరుణ ఒకటి రెండు రోజులు ఆలోచించి వద్దంది. అక్కడ పాటల ఫైలే వేశాం. వాన పాట దగ్గర అందరూ విరగబడి నవ్వారు. చెట్టు దగ్గర కరుణ ఒక్కతే నవ్వింది.

కార్డు ఇప్పటికీ పెళ్లిళ్లు చకచకా దించుతోంది. ఈ సీజన్లో ఒక్క ఫైలు కూడా ఆలస్యం కాలేదు. అప్పుడప్పుడు ఖాళీ దొరికినప్పుడు ఆ పాత పెళ్లిని మళ్లీ పెట్టాలని నా చెయ్యి లాగేది. ఒకరోజు కరుణ చూసి వద్దని వారించింది. అది ఎలా జరిగిందో తెలుసుకోవాలని లేదా నీకు అని అడిగాను. నేను ఇన్నేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, ఎంత ఆలోచించినా అంతు చిక్కడం లేదు. దేవుడి పని అనడానికి నాకు ధైర్యం లేదు, యంత్రం పని అనడానికి ఆధారం లేదు.

కరుణ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోబోతూ ఆగింది.

"ఇన్నాళ్లూ అమ్మని వినాలంటే నేనే మాట్లాడాల్సొచ్చేదండీ. ఇప్పుడు ఊరికే కూర్చుని వింటున్నా. నన్ను విననివ్వండి."